ముద్దలు లెక్కపెట్టడం మానేశాకే మావాడు తినడం మొదలుపెట్టాడు

మీ నాలుగేళ్ల పాప పెరుగన్నం, బంగాళాదుంప వేపుడు తప్ప ఏదీ ముట్టదని, ఫోన్ చేతిలో పెడితే గానీ నోరు తెరవదని రాశారు. చదువుతుంటే మూడేళ్ల కిందటి మా ఇల్లే కళ్ల ముందు కదిలింది. మావాడికీ అప్పుడు నాలుగేళ్లే. గిన్నె పట్టుకుని హాల్లోంచి బాల్కనీకి, అక్కణ్ణుంచి మంచం కిందకి వాడి వెనకాలే తిరిగేదాన్ని. పూటకి గంట పైనే. అంతా అయ్యాక, బుగ్గన దాచుకున్న ముద్ద వెళ్లి సింకులో ఊసేసేవాడు.

బరువు పెరగట్లేదేమోనని టెన్షన్ పడి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పాత బరువులన్నీ చార్టు మీద చుక్కలు పెట్టి చూపించారు. గీత బాగానే ఉంది. పిల్లలు మొదటి ఏడాదిలో పుట్టినప్పటి బరువుకి దాదాపు మూడింతలవుతారు, తర్వాత ఏడాదికి రెండు కిలోలు పెరిగినా చాలు, అందుకే ఆకలి తగ్గుతుందన్నారు. ఈ వయసులో కొత్త రుచికి జంకడం కూడా మామూలేనట. తర్వాత "పాలు ఎన్ని తాగుతాడు?" అని అడిగారు. అన్నం తినట్లేదు కదా అని నేనే రోజుకి మూడు పెద్ద గ్లాసులు తాగిస్తున్నాను, చాక్లెట్ పౌడర్ కలిపి మరీ. అంటే ముప్పావు లీటరు. ఇక ఆకలెక్కణ్ణుంచి వస్తుంది? అర లీటరు దాటనివ్వొద్దు, పాలు మరీ ఎక్కువైతే ఒంట్లో ఐరన్ తగ్గుతుందన్నారు.

ఎలిన్ శాటర్ అనే అమెరికన్ డైటీషియన్ చెప్పిన పద్ధతి గురించి కూడా ఆవిడే చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్లు చూసుకోవాలి. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లలకే వదిలెయ్యాలి. వినడానికి ఎంత సులువో! మొదటి వారం మాత్రం నరకం చూశాను. ఫోన్ బీరువాలో పెట్టేశాను. బిస్కెట్లు బంద్. సాయంత్రం ఓ పండో, అటుకులో, మిగతా టైమంతా మంచినీళ్లే. పళ్లెంలో వాడికి నచ్చే పెరుగన్నం ఎప్పుడూ ఉండేది, పక్కన మేం తినే కూర ఒక చెంచాడు. తినమని అనను, తినలేదేమని అడగను. అరగంట కాగానే పళ్లెం తీసేసేదాన్ని. మా అత్తయ్యగారు "పిల్లాడి కడుపు మాడుస్తున్నావు" అని నాతో మాట్లాడటం మానేశారు.

ఆ కోపంలోనే ఓ సాయంత్రం ఆవిడ గోంగూర కట్టలు ముందేసుకుని ఆకు గిల్లుతున్నారు. వీడెళ్లి పక్కన చతికిలబడ్డాడు. నాలుగాకులు గిల్లి, ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. పులుపుకి కళ్లు రెండూ గట్టిగా మూసుకుని, భుజాలు ముడుచుకుని, "ఇంకోటి" అన్నాడు. "కడగలేదురా" అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మర్నాడు గోంగూర పప్పు వేలితో తాకి నాకి, అంతటితో వదిలేశాడు. అన్నంలో కలుపుకుని తినడానికి నెల పట్టింది.

బీరకాయకి ఇంకా ఎక్కువే పట్టింది, పదిసార్లు పైనే వడ్డించి ఉంటాను. క్యాబేజీ ఇప్పటికీ తినడు. వాళ్ల నాన్నా తినరు లెండి.

ఒక్కటి మాత్రం చెయ్యకండి: "కూర తింటే చాక్లెట్ ఇస్తా" అనడం. నేను ఏడాదిపాటు అదే చేశాను. వాడి దృష్టిలో చాక్లెట్ బహుమతి అయింది, కూర శిక్ష అయింది.

పాప బరువు తగ్గుతున్నా, మింగేటప్పుడు పొలమారుతున్నా, ఇదివరకు తినేవి కూడా ఒక్కొక్కటే మానేస్తున్నా ఇవేవీ ప్రయత్నిస్తూ కూర్చోకుండా ముందు డాక్టర్‌కి చూపించండి.

మొదలుపెట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్లకి విషయం చెప్పండి. నేను చెప్పకుండానే మొదలుపెట్టాను, అత్తయ్యగారి కోపం దిగడానికి పది రోజులు పట్టింది. ఇప్పుడు మా ఇంట్లో గోంగూర గిల్లే పని వాళ్లిద్దరిదే, నన్ను దగ్గరికి కూడా రానివ్వరు.