స్కోరు మీద కోపంతో రాస్తున్న తమ్ముడికి

శ్రీకాకుళం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. బల్ల మీద బొమ్మల సైన్యాలతో ఆడే వార్‌హామర్ 40,000 యుద్ధాల గురించి విజయనగరం కుర్రాడు తెలుగులో రాయడం చూసి ముచ్చటేసింది. అయితే సగం దాకా తిట్లే ఉన్నాయి. స్కోరింగు దండగ, ఇది యుద్ధం కాదు లెక్కల పరీక్ష, ఇలా. ఎందుకు దండగో చెప్పకుండా ఎంత తిట్టినా, ఆ ఆట ఎరగని పార్వతీపురం పాఠకుడికి నీ కోపం అంటదు.

ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. మూడో రౌండులో ఎదుటివాడి ట్యాంకు నీ తుపాకుల ముందే ఉంది. పాచికలు కాస్త కలిసొస్తే పేలిపోతుంది. నువ్వు కాల్చలేదు. నీ చేతిలో ఉన్న కార్డు, బల్ల మీద పట్టుకోవాల్సిన చోటును చూపే మార్కరు దగ్గర ఫలానా పని చేస్తేనే పాయింట్లు ఇస్తానంది, ఆ పని చేసే దళం ఆ వంతులో కాల్చకూడదు. టేపు లాగి మూడంగుళాలు కొలిచి, ఐదుగురు సైనికుల్ని మార్కరు చుట్టూ సర్దావు. పాయింట్లు వచ్చాయి గానీ నీ మొహంలో సంతోషం లేదు. నీ వ్యాసమంటే ఇదే. ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు, ముందున్నదంతా కొట్టేయ్.

ఆ తర్వాత పాఠకుడికి లెక్క అర్థమయ్యేలా చెప్పు. 2023లో వచ్చిన వార్‌హామర్ 40,000 నియమాల పదో ఎడిషన్‌లో ఆట ఐదు రౌండ్లు. వందలో 50 పాయింట్ల దాకా ప్రధాన లక్ష్యానికి, అంటే ఎక్కువగా మార్కర్లు పట్టుకున్నందుకు. 40 దాకా కార్డులు చెప్పిన పనులకు. మిగిలిన పదీ బొమ్మలకు రంగులేసినందుకు. కాబట్టి ఎదుటి సైన్యాన్ని పూర్తిగా తుడిచిపెట్టినా పాయింట్లలో ఓడిపోవచ్చు. ఇంతవరకు చెబితే చాలు, పాఠకుడు నీ పక్కన కూర్చుంటాడు. రంగుల పది పాయింట్ల విషయంలో నేనూ నీవైపే. కుంచె పట్టి పడ్డ కష్టానికి మెప్పు దక్కాలి, కానీ దాన్ని యుద్ధంలో గెలుపుతో కలపకూడదు.

కానీ మార్కర్లకు పాయింట్లిచ్చే నియమం ఎందుకు పుట్టిందో కూడా రాయాలి. చంపడానికే పాయింట్లుంటే దూరం నుంచి కాల్చే సైన్యం గోడ చాటున కూర్చుని కదలదు. మొదటి వంతు ఎవరికి వస్తే సగం ఆట వాళ్లదే. మార్కర్లున్నాయి కాబట్టే రెండు సైన్యాలూ మధ్యకొచ్చి కలబడుతున్నాయి. నీ వ్యాసంలో ఎదుటి కుర్రాడి గురించి ఒక్క మాటా లేదు. అతనికి కార్డులు కలిసొచ్చాయా, లేక ఏ కార్డొచ్చినా పండేలా ముందే ఆలోచించి సైన్యం కట్టుకున్నాడా? వెళ్లి అడుగు. అతని జవాబు నీకు నచ్చకపోయినా రాయి.

యుద్ధాన్ని లెక్కలతో తేల్చాలా అన్న ఈ తగువు కొత్తదేం కాదు. 1824లో జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యం చేపట్టిన, రైస్విట్జ్ అనే అధికారి తయారుచేసిన యుద్ధక్రీడలో దెబ్బల లెక్కకు పాచికలు, పట్టికలు ఉండేవి, పైన ఒక మధ్యవర్తి ఉండేవాడు. 1876కి వచ్చేసరికి వెర్డీ దు వెర్నోయ్ అనే సేనాధికారి ఆ పట్టికలెందుకు, అనుభవమున్న మధ్యవర్తి తీర్పు చాలదా అన్నాడు. మన అరుగుల మీద గీసుకునే పులిమేకలో అసలు పాయింట్లే లేవు. పులి మేకల్ని తినాలి, మేకలు పులిని కదలకుండా కట్టెయ్యాలి. ఎవరి గెలుపు వాళ్లది. నీ ఆటలో ఇద్దరికీ ఒకే కొలత పెట్టడమే నిన్ను బాధిస్తోందని నాకనిపిస్తోంది. అదే అయితే ఆ మాటే తిన్నగా రాయి.

బొబ్బిలి నీకు దూరమేం కాదు. ఆ యుద్ధాన్ని నీ బల్ల మీద పెట్టి చూడు. 1757 జనవరి 24న కోట పడిపోయింది. మార్కర్ల లెక్కన ఫ్రెంచి సేనాని బుస్సీకీ, అతనితో కలిసొచ్చిన విజయనగరం రాజు విజయరామరాజుకీ నూటికి నూరు. బొబ్బిలి రాజు రంగారావు పోరులోనే పోయాడు. మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు డేరాలో చొరబడి విజయరామరాజును చంపాడు. కోట పడగానే లెక్క కట్టేస్తే ఆ డేరాకు చోటేదీ? దాన్ని కలుపుకుంటే ఎన్ని పాయింట్లు వేస్తావు, ఎవరి ఖాతాలో? శత్రువు చేత చిక్కకూడదని కోటలోని ఆడవాళ్లనీ పిల్లల్నీ తమవాళ్లే చంపుకున్నారు. దానికి మాత్రం ఏ పాయింటూ వేయొద్దు, ఈ ఒక్క విషయంలో నా మాట విను. నువ్వు విజయనగరం వాడివి కాబట్టి ముందు బొబ్బిలివాళ్ల గెలుపు నియమం రాయి, నీ ఊరిది తర్వాత చూసుకోవచ్చు. రాస్తుంటే ఎక్కడ పెన్ను ఆగిపోతుందో గుర్తుపెట్టుకో. వ్యాసంలో రెండో సగం అక్కడ దొరుకుతుంది.

ఓడిన రాత్రి మాత్రం రాయకు. ఆ రాత్రి కాగితం మీద రౌండువారీగా ఎవరికెన్ని వచ్చాయో, ఏ దళం ఎక్కడుందో రాసి పెట్టుకో. వారం తర్వాత ఆ కాగితం ముందేసుకుని కూర్చో.

తిరగరాసి పంపు. ఇక్కడి కథల గ్రంథాలయం కథానిలయానికి వచ్చే పని పడితే చేత్తో పట్టుకురా, కూర్చుని చదువుదాం. ఆ ఐదుగురు సైనికుల్నీ, ఆ కార్డునీ కూడా తీసుకురా. ఆ వంతు ఎలా నడిచిందో బల్ల మీద పెట్టి చూపిస్తే ఇంకా అడగాల్సినవి నాకు చాలా ఉన్నాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య