ఎల్ఎల్, ఎఫ్ఎస్ఐ ఉంటే స్వెల్లింగ్ ప్రెషర్ టెస్టు మానేయొచ్చా?

లిక్విడ్ లిమిట్ (ఎల్ఎల్, మట్టి ద్రవంలా జారడం మొదలయ్యే తేమ శాతం) 75, ఎఫ్ఎస్ఐ (ఫ్రీ స్వెల్ ఇండెక్స్, మట్టి పొడి నీళ్లలో ఎంత శాతం ఉబ్బుతుందో) 110 వచ్చాయి, వీటితో స్వెల్లింగ్ ప్రెషర్, అంటే తడిసి ఉబ్బే మట్టి నెట్టే ఒత్తిడి, లెక్క కట్టేయొచ్చా అని అడిగారు. మట్టికి ఉబ్బే పొగరు ఎంతో ఈ అంకెలు చెప్తాయి. మీ సైట్లో అది ఎంత బలంగా నెడుతుందో మాత్రం చెప్పవు.

ఎఫ్ఎస్ఐ ఎలా తీస్తామో చూడండి. ఓవెన్లో ఎండబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన పొడి 10 గ్రాములు నీళ్ల సిలిండర్లో, మరో 10 గ్రాములు కిరోసిన్ సిలిండర్లో వేసి ఒక రోజు వదిలేస్తాం. కిరోసిన్లో 10 మిల్లీలీటర్ల దగ్గర ఆగిన మట్టి నీళ్లలో 21 దాకా ఉబ్బిందంటే మీ 110 వచ్చినట్టే. కానీ పొడి చేసినప్పుడే నేలలో దాని గట్టిదనం, తేమ రెండూ పోయాయి. ప్రెషర్‌ని నడిపేవేమో అవే.

ల్యాబులో చేరిన కొత్తలో నేనూ ఇక్కడే బోల్తాపడ్డాను. గుంటూరు వైపు ఒక ఇంటి సైటు. శాంపిల్ అక్టోబరులో, వానల తర్వాత తీశాం. తేమ 28 శాతం. స్వెల్లింగ్ ప్రెషర్ అంచనా వేసే కోమోర్నిక్, డేవిడ్‌ల 1969 ఫార్ములాలో ఆ తేమతో పాటు లిక్విడ్ లిమిట్ 75, డ్రై డెన్సిటీ (తేమ తీసేసిన మట్టి సాంద్రత) ఘనమీటరుకి 1500 కిలోలు వేస్తే చదరపు సెంటీమీటరుకి 0.47 కిలోలు వచ్చింది. రిపోర్టులో అదే రాసిచ్చాను. వాళ్లేమో మే నెలలో, గడ్డపార దిగిపోయేంత నెర్రెలు ఉన్న నేల మీద ఫ్లోరింగ్ వేశారు. తేమ 12 శాతం అనుకుని అదే ఫార్ములా చూడండి: 1.27. దాదాపు మూడింతలు! లిక్విడ్ లిమిట్ ఒక్క పాయింటు కూడా మారలేదు. ఆ వానాకాలానికి హాల్లో టైల్స్ గుడారంలా లేచాయి. గోడలకి పెద్దగా ఏం కాలేదు, వాటి కింది మట్టి మీద బరువుంది కదా.

పైగా ఆ ఫార్ములా ఇజ్రాయెల్ మట్టి మీద కట్టింది. ఏ సైటు ముందు చూడాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది, డిజైనుకి కాదు.

మీరు ఎండాకాలంలో, చెదరని శాంపిల్ తీయించి, ఐఎస్ 2720 పార్ట్ 41 (స్వెల్లింగ్ ప్రెషర్ టెస్టుకి భారత ప్రమాణం) ప్రకారం టెస్టు చేయించండి. అందులో రెండు పద్ధతులున్నాయి, రెండింటికీ ఒకే అంకె రాదు. ఏది చేశారో, శాంపిల్ ఏ తేదీన తీశారో రిపోర్టులో రాయించుకోండి.