రెండు వోల్కాలు, ఒక డిలే పెడల్: అన్నింటికీ ఒకే అడాప్టర్ సరిపోతుందా?

వోల్కాలు (కోర్గ్ కంపెనీ చిన్న ఎలక్ట్రానిక్ సంగీత వాయిద్యాలు) రెండింటికీ సరిపోతుంది. శబ్దానికి ప్రతిధ్వని చేర్చే డిలే పెడల్‌ని మాత్రం వాటితో కలపకండి.

కోర్గ్ వోల్కాకి 9 వోల్టులు, ప్లగ్ మధ్యలో ప్లస్. గిటార్ పెడల్స్‌లో చాలావాటికి కూడా 9 వోల్టులే, కానీ మధ్యలో మైనస్. పోలారిటీ (ప్లస్ మైనస్‌లు) తిప్పే కేబుల్ వేస్తే చాలనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే. ఆడియో కేబుల్ వోల్కా, పెడల్ రెండింటి గ్రౌండ్‌లనూ కలిపేస్తుంది కాబట్టి సప్లై షార్ట్ అవుతుంది. పెడల్‌కి ఐసోలేటెడ్ (మిగతావాటితో కరెంటు సంబంధం లేని) అవుట్‌పుట్ గానీ, విడి అడాప్టర్ గానీ ఉండాల్సిందే.

వోల్టేజి సరిగ్గా 9 ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా నష్టం లేదు, పరికరం తనకు కావలసినంతే తీసుకుంటుంది. తక్కువైతేనే టెన్షన్.

స్పీకర్లలో గుయ్‌మని శబ్దం వస్తుంటే వోల్కాల్లో ఆరేసి ఏఏ బ్యాటరీలు వేసి చూడండి. శబ్దం ఆగిందంటే తేడా సప్లైలోనో, గ్రౌండ్ లూప్‌లోనో (గ్రౌండ్‌లు ఒకటికంటే ఎక్కువ దారుల్లో కలవడం) ఉన్నట్టే. మన బెంగళూరు ఎస్పీ రోడ్డులో అడాప్టర్, స్ప్లిటర్ కేబుల్ కొంటే, ఇంటికొచ్చాక ప్లగ్ పెట్టేముందు మల్టీమీటర్‌తో వోల్టేజి, ప్లస్ మైనస్‌లు తప్పకుండా కొలవండి. లేబుల్‌ని మాత్రమే నమ్మకండి.