అమెరికా లిబరల్ ఆర్ట్స్ కాలేజీ: ప్లాటు అమ్మే ముందు వేసుకోవలసిన లెక్క

ప్రశ్న: మాది ఖమ్మం. నేను బ్యాంకు ఉద్యోగిని, మా వారు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఇద్దరి జీతాలూ కలిపి ఏడాదికి 24 లక్షలు. ఉంటున్న ఇంటి మీద అప్పు లేదు. ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 30 లక్షలు, ఇవి కాక సుమారు 75 లక్షలు పలికే ప్లాటు ఉన్నాయి. మామగారి పేరున మూడెకరాల పొలం ఉంది. పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయి గణితం, చరిత్ర రెండూ చదవాలని ఉందంటూ అమెరికాలోని చిన్న ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కాలేజీలకు (ఒకే విషయానికి పరిమితం కాకుండా సైన్సు, సాహిత్యం, చరిత్ర వంటివి కలిపి చదివించే కాలేజీలు) దరఖాస్తు చేస్తానంటోంది. ఖర్చు ఏడాదికి 90 వేల డాలర్లు అంటున్నారు. ఆర్థిక సహాయం అడిగితే సీటు రాదని, ముందు చేరిపోయి రెండో ఏడాది అడగవచ్చని కన్సల్టెంటు చెబుతున్నారు. పొలం సంగతి చూపవద్దని కూడా అన్నారు. ప్లాటు అమ్మి పంపమంటారా? అబ్బాయి ఇంకా ఎనిమిదో తరగతి.

జవాబు: మీరు చివర అడిగిన ప్లాటు సంగతితోనే మొదలుపెడతాను. డాలరును 90 రూపాయలుగా తీసుకుంటే 90 వేల డాలర్లంటే 81 లక్షల రూపాయలు. అంటే మీ ప్లాటు మొత్తం ధర, మూలధన లాభాల పన్ను కట్టకముందు కూడా, ఒక్క ఏడాది ఖర్చుకు చాలదు. ఈ కాలేజీలు ఏటా ఫీజు పెంచుతాయి కాబట్టి ఏడాదికి 4 శాతం పెరుగుదల వేసుకున్నా నాలుగేళ్లకు దాదాపు 3 కోట్ల 44 లక్షలు అవుతుంది. దానికి తోడు రూపాయి విలువ ఏటా 3 శాతం తగ్గుతుందనుకుంటే 3 కోట్ల 60 లక్షలు దాటుతుంది. పదేళ్ల కిందట డాలరు 65 రూపాయల దగ్గర ఉండేదన్నది గుర్తుంటే ఈ 3 శాతం అతిగా వేసిన అంచనా అనిపించదు. కాబట్టి పూర్తి ఫీజు కట్టి చదివించడమన్నది మీ విషయంలో ఆలోచించవలసిన మార్గమే కాదు, ప్లాటు అమ్మినా అమ్మకపోయినా.

అయినా అమ్మాయి కోరికను కొట్టిపారేయవలసిన పని లేదు. ఈ కాలేజీలు ప్రకటించే ధర వేరు, విద్యార్థి కుటుంబం నిజంగా కట్టేది వేరు. వీటిలో చాలావాటిలో పదిహేను వందల నుంచి రెండున్నర వేల మంది విద్యార్థులే ఉంటారు, చదువంతా డిగ్రీ స్థాయిలోనే. వాటిలో పాతవి, పేరున్నవి కొన్ని దాతల నిధుల మీద నడుస్తాయి. ఆమ్‌హర్స్ట్ కాలేజీలో రెండు వేల మందికి లోపే విద్యార్థులుంటే దాని మూలనిధి మూడు వందల కోట్ల డాలర్లకు పైమాటే. అలాంటి చోట కుటుంబ ఆదాయాన్ని, ఆస్తిని లెక్కగట్టి, కట్టగలిగినంత మీరు కట్టండి, మిగతాది మేం భరిస్తామనే పద్ధతి ఉంది. అది తిరిగి తీర్చవలసిన అప్పు కాదు, గ్రాంటు. మన బంధువుల్లో ఈ పేర్లు విన్నవారు అరుదు కనుక ఎంఎస్‌కు పంపిన పొరుగింటివారి సలహా మీకు ఇక్కడ పనికిరాదు. అక్కడ ఉన్నది అప్పు చేసి రెండేళ్లలో ముగించే లెక్క, ఇది నాలుగేళ్లు సాగే లెక్క.

కాబట్టి కాలేజీల జాబితా తయారు చేయడానికి ముందు, మీరు ఏడాదికి ఎంత కట్టగలరో తేల్చుకోండి. పన్ను, పీఎఫ్ పోను నెలకు చేతికి లక్షా యాభై వేలు వచ్చి, ఇల్లు గడవడానికి ఎనభై, తొంభై వేలు అవుతున్నాయనుకుందాం. అందులోంచి అమ్మాయి చదువుకు ఏడాదికి 6 లక్షలు తీయవచ్చు. 30 లక్షల పొదుపులో ఆరు లక్షలు అత్యవసరానికి, నాలుగు లక్షలు అబ్బాయి ఇంటర్‌కు పక్కన పెడితే మిగిలిన 20 లక్షలు నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 5 లక్షలు. పీఎఫ్ జోలికి వెళ్లకండి. మీ ఇద్దరి రిటైర్మెంటుకు ఎవరూ గ్రాంటు ఇవ్వరు. దీనికి ఏడాదికి అయిదున్నర లక్షల చొప్పున విద్యారుణం కలిపితే మొత్తం పదహారున్నర లక్షలు, అంటే సుమారు 18 వేల డాలర్లు. విమాన టికెట్లు, చలిబట్టలు, చేతిఖర్చులకు రెండు వేల డాలర్లు తీసేస్తే, కాలేజీ పంపే బిల్లు ఏడాదికి 16 వేల డాలర్లకు మించకూడదు. నా అంచనాల చోట మీ అసలు అంకెలు వేసి ఈ సంఖ్యను సరిచేసుకుని, అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. సీటు వచ్చిన సంబరంలో చెబితే అది సలహాలా ఉండదు, శిక్షలా ఉంటుంది.

ఆ రుణం భారం కూడా చూడండి. నాలుగేళ్లలో తీసుకునే 22 లక్షలకు పదిన్నర శాతం వడ్డీ అనుకుంటే, కోర్సు ముగిసి ఆరు నెలలు గడిచేసరికి వడ్డీ చేరి అప్పు సుమారు 29 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 39 వేల వాయిదా. చదువు సాగుతుండగానే వడ్డీ కట్టుకుంటూ పోతే వాయిదా 30 వేల లోపు ఉంటుంది. అమ్మాయికి అమెరికాలో ఉద్యోగం వస్తుందన్న ధీమాతో ఇంతకు మించి అప్పు చేయవద్దు. చదువయ్యాక పన్నెండు నెలలు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, గణితం) జాబితాలోని సబ్జెక్టయితే మరో ఇరవై నాలుగు నెలలు పని చేసే వీలు ఇప్పటికి ఉన్నా, వీసా నిబంధనలు ఏటికేడాది మారుతున్నాయి. ఆ వాయిదా మీ జీతాల్లోంచి కట్టగలిగేదిగానే ఉండాలి. ఏడున్నర లక్షలు దాటిన రుణానికి ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా హామీ ఆస్తి అడుగుతాయి. మీ ప్లాటు అసలు ఉపయోగం అక్కడ ఉంది. అమ్మకుండా తనఖా పెట్టండి. ఇటీవలి పీఎం విద్యాలక్ష్మి పథకం దేశంలోని సంస్థలకే కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక కన్సల్టెంటు మాట. అందులో సగం నిజముంది, ఆ సగమే ప్రమాదం. సహాయం అడిగినా అడగకపోయినా ప్రవేశంలో తేడా చూపకుండా, చేరిన విదేశీ విద్యార్థి అవసరం మొత్తాన్నీ, అంటే కుటుంబం కట్టగలిగినది పోను మిగిలిన ఖర్చంతా, భరించే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు చాలా తక్కువ. ఆమ్‌హర్స్ట్, బోడన్ అలాంటివి. కాకపోతే అక్కడ దరఖాస్తు చేసిన నూటికి పది మందికి కూడా సీటు దొరకదు. గ్రినెల్, మెకాలెస్టర్, వాసర్, స్మిత్, మౌంట్ హోలియోక్ వంటివి సీటు ఇచ్చిన విదేశీ విద్యార్థి అవసరం మొత్తాన్ని తీరుస్తామంటాయి గాని, సీటు ఇవ్వాలా వద్దా అన్నది తేల్చేటప్పుడు ఎంత సహాయం అడుగుతున్నారో కూడా చూస్తాయి. అక్కడ పెద్ద మొత్తం అడిగితే అవకాశం తగ్గే మాట వాస్తవమే. కాని సహాయం లేకుండా వచ్చిన సీటుతో మీరు చేసేదేముంది? మీరు కట్టలేని సీటు వచ్చే అవకాశం పెంచుకోవడానికి కన్సల్టెంటుకు రుసుము ఎందుకు కట్టాలి? పైగా ఈ కాలేజీల్లో చాలావరకు, ప్రవేశ సమయంలో సహాయం కోరని విదేశీ విద్యార్థి ఆ తర్వాతి ఏళ్లలో కోరే వీలు లేదని తమ నిబంధనల్లోనే రాసి ఉంచుతాయి. రెండో ఏడాది అడగవచ్చన్న మాట నమ్మి చేరితే, మొదటి ఏడాదికి 81 లక్షలు పోసి మధ్యలో వెనక్కి రావలసి వస్తుంది. ప్రతి కాలేజీ పేజీలో విదేశీ విద్యార్థులకు ఉద్దేశించిన ఆ ఒక్క పేరా అమ్మాయి చేత చదివించి, నోటుపుస్తకంలో రాయించండి.

అవసరాన్ని చూసి కాక ప్రతిభను చూసి స్కాలర్‌షిప్ ఇచ్చే కాలేజీలూ ఉన్నాయి. వుస్టర్, డెనిసన్, డిపావ్ వంటివి ఆ కోవలోవి. ఆమ్‌హర్స్ట్, విలియమ్స్, బోడన్ అలాంటివి ఇవ్వవు, అవి అవసరాన్నే చూస్తాయి. ప్రతిభా స్కాలర్‌షిప్‌ల విషయంలో అంకె చూసి మురిసిపోవద్దు. 75 వేల డాలర్ల ఫీజు మీద 40 వేల డాలర్ల స్కాలర్‌షిప్ అంటే వీధి చివర ఫ్లెక్సీ కట్టించేంత ఘనంగా ఉంటుంది, కాని మిగిలిన 35 వేల డాలర్లు, అంటే ముప్పై ఒకటిన్నర లక్షలు, మీరు ఏటా కట్టాలి. అమెరికా ప్రైవేటు కాలేజీల్లో కొత్తగా చేరేవారికి ప్రకటిత ట్యూషన్ ఫీజు మీద సగటున సగానికి పైగా తగ్గింపు ఇస్తున్నారు. అంటే ఆ స్కాలర్‌షిప్‌లో కొంత బిరుదైతే కొంత బేరం. మూలనిధి బలహీనంగా ఉన్న కాలేజీ పెద్ద తగ్గింపు ఇస్తోందంటే దాని ఆర్థిక స్థితి కూడా వాకబు చేయాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని వెల్స్ కాలేజీ, అలబామాలోని బర్మింగ్‌హామ్-సదరన్ కాలేజీ రెండూ 2024లో మూతపడ్డాయి. చదువు మధ్యలో కాలేజీ మూతపడితే వీసా మీద ఉన్న విద్యార్థికి కొత్త కాలేజీని, కొత్త గ్రాంటును వెతుక్కోవడం మామూలు కష్టం కాదు.

ఇప్పుడు పొలం సంగతి. ఈ కాలేజీల్లో ఎక్కువ శాతం సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం ద్వారా మీ ఆదాయ, ఆస్తుల వివరాలు అడుగుతాయి. దానికి మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాతి ఒక్కోదానికి 16 డాలర్లు రుసుము ఉంటుంది. కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థులకు మినహాయింపు ఇస్తాయి, అడిగి తెలుసుకోండి. అందులో మీ పేరున, మీ వారి పేరున, అమ్మాయి పేరున ఉన్న ఆస్తులు రాయాలి. పట్టాదారు పాసుపుస్తకం మీ మామగారి పేరున ఉంటే ఆ మూడెకరాలు మీ ఆస్తి కాదు. అక్కడ దాచవలసిందీ, చూపవలసిందీ లేదు. అయితే కౌలు డబ్బు ఏటా మీ చేతికి వస్తుంటే అది మీ ఆదాయం కింద రాయాలి. వాటాలు పంచుకుని మీ వారి పేరు ఎక్కి ఉంటే ఆ మేరకు ఆస్తిగా రాయాలి. ప్లాటుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువ కాక, ఈరోజు అమ్మితే వచ్చే ధర రాయండి. తక్కువ రాయాలన్న కోరిక కలగడం సహజం. దాన్ని ఆపుకోవడానికి నీతి ఒక్కటే కాదు, మరో గట్టి కారణం కూడా ఉంది.

సీటు వచ్చాక, విద్యార్థి వీసాకు అవసరమైన, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం కోసం మొదటి ఏడాది ఖర్చులో మీ వాటాకు డబ్బు ఉందని అదే కాలేజీకి మళ్లీ రుజువులు పంపాలి. వీసా కోసం మన ఊళ్లలో సీఏ దగ్గర తీసుకునే నెట్‌వర్త్ సర్టిఫికెట్‌లో ఇల్లు, ప్లాటు, బంగారం, చివరకు తాతగారి పొలం కూడా కలిపి కోట్లలో అంకె వేయించడం మామూలైపోయింది. సహాయం కోసం నవంబరులో పేదగా, వీసా కోసం మే నెలలో సంపన్నంగా కనిపించే కుటుంబం ఫైలు చదివేవాళ్లు అక్కడ కూర్చుని ఉంటారు. రెండు చోట్లా ఒకే అంకె ఉండాలి. ఖాతాలో నాలుగు వారాలు డబ్బు పెట్టి తీసేసే షో మనీ జోలికి అసలు పోవద్దు. అబద్ధం బయటపడితే గ్రాంటుతో పాటు సీటు కూడా పోవచ్చు.

అమ్మాయి ఇంకా పదకొండులో ఉంది కనుక సమయం చేతిలో ఉంది. నవంబరులో వేసే ఎర్లీ డెసిషన్ దరఖాస్తు ఆ కాలేజీకే కట్టుబడతామని ఇచ్చే మాట. సహాయం చాలకపోతే ఆ మాట నుంచి విడుదల కోరవచ్చు గాని, ఇతర కాలేజీల గ్రాంటుతో పోల్చి చూసే వీలుండదు. అవసరం మొత్తం తీరుస్తామన్న కాలేజీకి, అదీ ఒక్కదానికే అలా వేయండి. మిగిలినవి జనవరి గడువులో వేయవచ్చు. మన దగ్గర కూడా ఇలాంటి చదువు ఉంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం, సోనీపట్‌లో అశోకా విశ్వవిద్యాలయం ఉన్నాయి. అశోకాలోనూ పూర్తి ఖర్చు ఏడాదికి పది లక్షలు దాటుతుంది, అక్కడా అవసరాన్ని బట్టి సహాయం ఉంది. వాటిలో కనీసం ఒకదానికి దరఖాస్తు చేయకుండా అమెరికా జాబితా పూర్తయిందనుకోవద్దు.

డబ్బు పంపేటప్పుడు టీసీఎస్, అంటే విదేశాలకు పంపే మొత్తం మీద బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను, వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి పది లక్షలు దాటిన మొత్తం మీదే అది పడుతుంది, బ్యాంకు విద్యారుణం నుంచి పంపిన దాని మీద పడదు. శాతం బడ్జెట్లలో మారుతుంటుంది కనుక పంపే నాటి రేటు చూసుకోండి. అలా వసూలు చేసినది మీ ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. అమెరికాలోనూ ఒక పన్ను ఉంది. ట్యూషన్‌కు, పుస్తకాలకు ఇచ్చిన గ్రాంటు మీద పన్ను ఉండదు గాని, హాస్టలు, భోజనానికి ఇచ్చిన భాగాన్ని ఆదాయంగా చూసి 14 శాతం పట్టుకుంటారు. ఆరు వేల డాలర్ల భోజన గ్రాంటుకు 840 డాలర్లు అలా బిల్లులో చేరుతుంది. భారత్, అమెరికాల పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత మొత్తానికి పన్ను లేకుండా చేసే మినహాయింపు) ఇస్తుంది కనుక, ఏడాది చివర అమెరికాలో విదేశీయులు వేసే 1040-ఎన్‌ఆర్ రిటర్ను వేస్తే ఇందులో చాలావరకు, తరచుగా మొత్తం, తిరిగి వస్తుంది. అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలోంచే పోతుంది.

మార్చి చివర సహాయపు ఉత్తరం వచ్చినప్పుడు మొత్తం అంకె వదిలేసి వరుసగా చదవండి. అందులో గ్రాంటు ఎంత, క్యాంపస్ ఉద్యోగం ద్వారా అమ్మాయి సంపాదించుకోవాలని వేసిన మొత్తం ఎంత, అప్పు పేరుతో ఏమైనా చేర్చారా, ఆరోగ్య బీమా లోపలా బయటా, ఫీజు పెరిగినప్పుడు గ్రాంటు కూడా పెరుగుతుందా అన్నవి చూడాలి. చివరి ప్రశ్నకు జవాబు ఉత్తరంలో లేకపోతే ఈ-మెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. బిల్లు మీ 16 వేలకు రెండు, మూడు వేలు మించితే, మామగారి వైద్య ఖర్చుల వంటి, ఫారంలో చోటు దొరకని వాస్తవాలతో పత్రాలు జతచేసి పునఃపరిశీలన కోరుతూ మే 1 గడువుకు ముందే లేఖ రాయండి. కొన్ని కాలేజీలు పెంచుతాయి. పది వేలు మించితే మాత్రం ఆ సీటును మర్యాదగా వదులుకుంటున్నట్టు రాసి పంపండి, ప్లాటు కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి.