సెంటెన్స్ ఫ్రేములు ఇస్తే పిల్లాడు వాటికే అలవాటు పడిపోతాడా?

మీ బాబు న్యూజెర్సీలో 4వ తరగతి, విజయవాడ నుంచి వచ్చి ఏడాదిన్నర, విడా యాక్సెస్ పరీక్షలో (ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు స్కూళ్లలో పెట్టే భాషా పరీక్ష) రైటింగ్ ఆరుకి 2.1, లెర్నింగ్ డిజేబిలిటీ కింద ఐఈపీ (వాడి ఒక్కడి కోసం స్కూలు రాసే ప్రత్యేక చదువు ప్రణాళిక) కూడా ఉంది అన్నారు. స్కూలు నుంచి సెంటెన్స్ ఫ్రేములే, అంటే సగం వాక్యం ఇచ్చి ఖాళీలు పూరించమనే షీట్లే వస్తున్నాయి, ఇలాగైతే సొంతంగా రాయడం ఎప్పటికి వస్తుంది అని మీ ప్రశ్న.

అలవాటు పడతాడండీ, ఆ షీటు తీసేసే రోజు ఎవరూ అనుకోకపోతే. షీటు ఇవ్వడంలో తప్పు లేదు. సెప్టెంబరులో ఇచ్చిన షీటే మార్చిలోనూ ఇవ్వడం తప్పు.

ముందు ఒక పని చేయండి. స్కూల్లో ఇచ్చిన అంశం మీదే వాడి చేత తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. వరసగా, కారణాలతో చెప్పి ముగించగలిగితే ఆలోచన ఉంది, ఇంగ్లీషు మాటలే లేవు. వాడికి పదాలు, ఫ్రేములు పనికొస్తాయి. తెలుగులో కూడా మధ్యలో మొదలుపెట్టి, ఎటో వెళ్లి, "అంతే" అని ఆగిపోతుంటే ఫ్రేములు ఎన్ని ఇచ్చినా ఫలితం ఉండదు. అక్కడ కావలసింది వరస పెట్టుకునే సాయం, అంటే బొమ్మలు, గళ్ల చార్టు, ఒక్కో విషయానికి ఒక్కో చీటీ. తెలుగులో బాగా చెప్పి, ఇంగ్లీషులోనూ నోటితో నాలుగు ముక్కలు చెప్పి, పెన్సిలు పట్టగానే రెండో లైనులో ఆగిపోతే చేతిరాతో స్పెల్లింగో అడ్డుపడుతోంది. మూడు చిక్కులూ వేరు, మూడింటికీ ఒకే షీటు పంచేస్తారు. ఆ రికార్డింగు ఐఈపీ మీటింగుకి తీసుకెళ్లి వినిపించండి. అది పరీక్షలకు బదులు కాదు, కానీ మాట ఎక్కడ మొదలవ్వాలో అది చూపిస్తుంది.

ఇంకో మాట. "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. తెలుగులో కారణం చెప్పడం వచ్చిన పిల్లాడికి ఇంగ్లీషులో నేర్పాల్సింది మాటలు మాత్రమే. తెలుగు మాన్పిస్తే కారణం చెప్పడం, మాటలు రెండూ మొదటి నుంచి నేర్పాలి.

ఇక ఒక్క పేరా ఎలా కట్టించాలో చూద్దాం. అంశం: రీసెస్ (స్కూల్లో ఆటల విరామం) ఇంకా ఎక్కువసేపు ఉండాలా? ఈ స్థాయి తెలుగు పిల్లాడి మొదటి రాత దాదాపు ఇలా ఉంటుంది: "రీసెస్ లాంగ్ గుడ్. ప్లే ఫ్రెండ్స్. బెల్ రింగ్ బికాజ్ గేమ్ స్టాప్." ఇందులో బద్ధకం లేదు, తెలుగు ఉంది. "ఆడుకుంటాను" అన్న క్రియలోనే "నేను" ఉంది, అందుకే ఇంగ్లీషులో "ఐ" వదిలేశాడు. మన "తో" పదం చివర అతుక్కుంటుంది, వాళ్ల "విత్" ముందు విడిగా నిలబడాలి, అదీ జారిపోయింది. "బెల్ కొట్టారు కాబట్టి ఆట ఆగింది" అన్నప్పుడు "కాబట్టి" కారణం వెనక వస్తుంది. వాడు "బికాజ్"ని సరిగ్గా అక్కడే పెట్టాడు, అర్థం తిరగబడింది. ఎర్ర పెన్నుతో కొట్టేస్తే వాడికి తెలిసేది తను తప్పని మాత్రమే, ఎందుకో తెలియదు.

దీన్ని నాలుగు రోజులు, రోజుకి 20 నిమిషాలు చేయించండి.

మొదటి రోజు మాట మాత్రమే. ముందు తెలుగులో, తర్వాత వచ్చినంత ఇంగ్లీషులో. వాడు చెప్పే కారణాలు మూడు చీటీల మీద, చీటీకి రెండు మూడు మాటలు మించకుండా మీరు రాయండి. పూర్తి వాక్యం రాయకండి, రాస్తే దాన్ని చూసి దించేస్తాడు. బొమ్మ గీసుకుంటానంటే గీయనివ్వండి.

రెండో రోజు మీరు వాడి కళ్ల ముందు ఐదు వాక్యాల పేరా రాయండి, వేరే అంశం మీద, హోంవర్క్ గురించి అనుకోండి. అదే అంశమైతే మీ వాక్యాలే వాడి కాగితం మీదికి వస్తాయి. మీకు వచ్చే ఆలోచనలు పైకి అంటూ రాయండి: "ఇది కారణమా, లేక ముందు చెప్పిందే మళ్లీ చెబుతున్నానా?" కొట్టివేతలు కూడా కనబడాలి. రాశాక అభిప్రాయానికి పచ్చ, కారణాలకు పసుపు, ముగింపుకి గులాబీ రంగు వాడి చేతే పూయించండి.

మూడో రోజు ఫ్రేములు. ఇక్కడే ఎక్కువ షీట్లు పాడవుతాయి. "ఐ థింక్ రీసెస్ షుడ్ బీ లాంగర్ బికాజ్ ___" అని ఇస్తే వాడు "ఇట్ ఈజ్ గుడ్" అని నింపుతాడు. ఆలోచన మొత్తం షీటే చేసేసింది. దానికి బదులు "రీసెస్ ఈజ్ షార్ట్" అనే ఒక్క మొదలు ఇచ్చి మూడు రకాలుగా పూర్తి చేయించండి: బికాజ్, బట్, సో. "ఎందుకంటే", "కానీ", "అందుకని" అంటూ ముందు తెలుగులో నోటితో. బికాజ్ దగ్గర కారణం వెతకాలి, బట్ దగ్గర ఎదురు విషయం, సో దగ్గర ఫలితం, ఒకే మాటతో మూడూ నిండవు. ఇందాకటి తిరగబడ్డ "బికాజ్" కూడా ఇక్కడే సర్దుకుంటుంది. పక్కన ఆరు పదాలు పెట్టండి, అంతే. ఇరవై పదాల పట్టిక ఇస్తే వెతకడానికే ఓపిక అయిపోతుంది.

నాలుగో రోజు చీటీల నుంచి పేరా. చార్టు చక్కగా నింపి, కాగితం మీద మాత్రం ఆ గళ్లలోని ముక్కలనే ఒకదాని కింద ఒకటి ఎక్కించే పిల్లలు చాలామంది. మధ్యలో ఒక మెట్టు తప్పింది. చీటీలు వరసగా పరిచి, ఒక్కోదాని మీద వేలు పెట్టి మొత్తం పేరా నోటితో ఒకసారి చెప్పించండి. చెప్పిన వాక్యాన్ని వెంటనే రాయించండి. ఆగితే పది సెకన్లు ఊరుకోండి. వాడి వాక్యం మీరు పూర్తి చేయకండి, మన అమ్మానాన్నలు ఎక్కువగా చేసే పొరపాటు అదే.

చేతిరాత అడ్డమైతే మీరు రాసిపెట్టవచ్చు, వాడు అన్నది అన్నట్టుగా, తప్పులతో సహా. దిద్దితే ఆ పేరా మీది అయిపోతుంది. మాట్లాడితే టైప్ చేసే సాఫ్ట్‌వేర్ మన యాసకి కొన్ని మాటలు తప్పుగా రాస్తుంది, "పీరియడ్" అని పలికితే తప్ప చుక్క పెట్టకపోవచ్చు. రాసేవాళ్లు కావాలన్నా, సాఫ్ట్‌వేర్ కావాలన్నా ఐఈపీలో రాయించండి, క్లాసులోనూ రోజూ వాడించండి.

ఇక ఈ సాయాలు ఒక్కొక్కటిగా తీసేయడం. పూర్తి ఫ్రేము, తర్వాత బికాజ్ లాంటి కలిపే మాట ఒక్కటే, తర్వాత ఆరు పదాలు, ఆ తర్వాత వాడు తనే గీసుకునే గుర్తు, చివరికి తెల్ల కాగితం. ఆ గుర్తుకి, పిల్లలకు రాత నేర్పడంపై పరిశోధించిన కారెన్ హారిస్, స్టీవ్ గ్రాహమ్ పద్ధతిలో వాడే "ట్రీ" బాగుంటుంది: టాపిక్, రీజన్స్, ఎక్స్‌ప్లెయిన్, ఎండింగ్. అచ్చు చార్టు ఇవ్వకుండా ఆ నాలుగు అక్షరాలూ మార్జిన్‌లో వాడి చేత్తోనే రాసుకోనివ్వాలి. పరీక్ష హాల్లో చార్టు ఎవరూ ఇవ్వకపోయినా ఆ అక్షరాలు వాడితోనే ఉంటాయి. వరసగా మూడు పేరాల్లో ఐదింట నాలుగు వాక్యాలు సొంతంగా వస్తే ఒక్క మెట్టు తీయండి. తడబడితే ఒక్క మెట్టే వెనక్కి, మొదటికి కాదు. కొత్త అంశం ఇచ్చిన రోజు సాయం తగ్గించకండి.

మీటింగులో "రైటింగ్ మెరుగుపడాలి" లాంటి లక్ష్యానికి సంతకం పెట్టకండి. "మూడు చీటీల సాయంతో, ఐదు ప్రయత్నాల్లో నాలుగుసార్లు, అభిప్రాయం, రెండు కారణాలు, ముగింపు ఉన్న పేరా" అని రాయమనండి. ఏ సాయం ఏ నెలకి తగ్గుతుందో కూడా రాయమనండి. ఏడాదికి ఒక్కసారైనా ఐఈపీని సమీక్షించాలి, మీటింగుకి తెలుగు దుబాసీని కూడా అడగవచ్చు. "ఐఈపీ ఉంది కదా, ఈఎస్ఎల్ ఎందుకు" అంటే ఒప్పుకోకండి. ఈఎస్ఎల్ అంటే ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లల తరగతి, రెండూ వాడికి రావలసినవే. విడా యాక్సెస్ మొత్తం స్కోరులో రీడింగ్, రైటింగ్ చెరి 35 శాతం, లిజనింగ్, స్పీకింగ్ చెరి 15 శాతం. గలగలా మాట్లాడే పిల్లలు కూడా ఏళ్ల తరబడి ఈఎస్ఎల్‌లో ఉండిపోవడానికి ఈ రాతే పెద్ద కారణం.

ఈలోగా ఖాళీల షీట్లు వస్తూనే ఉంటే పారేయకండి. ఈ వారం షీటు ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. వచ్చే వారం అలాంటి షీటునే నిలువుగా మడిచి, ప్రతి వాక్యంలో మొదటి రెండు మాటలే కనబడేలా పెట్టండి. మడత విప్పి చూడకుండా ఎన్ని పూర్తి చేశాడో తేదీ వేసి రాసుకోండి. టీచరుకి ముందు ఆ లెక్క చూపించండి.