లినక్స్ పట్టుకుని కూర్చున్న కొడుకు, మోటరు వైండింగ్ షాపు తండ్రి

ప్రశ్న: మాది పరకాల. బోరు మోటర్ల వైండింగ్ షాపు నడుపుత. మా పెద్దోడు హన్మకొండల బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. పాత లాప్‌టాప్‌ల లినక్స్ ఎక్కించుకున్నడు. వారానికోసారి అది ఖరాబైతది. ఒకరోజు వైఫై రాదు, ఒకరోజు టైం తప్పు చూపెడుతది, ఒకరోజు నడుస్త నడుస్తనే బిగుసుకపోతది. రాత్రి పన్నెండు దాంక దాన్నే పట్టుకుని ఉంటడు. మొకం తెల్వనోళ్లను నెట్‌ల అడుగుతడు, వాళ్లు జవాబిస్తరట. దీంతోని నౌకరొస్తదా? లేకపోతే ఇది మానిపించి అమీర్‌పేటల ఏదన్న కోర్సుల చేర్పియ్యాల్నా?

జవాబు: మానిపించకండి. అట్లాగని ఇప్పుడు చేస్తున్న తీరులోనే చేస్తూ పోతే నౌకరీ కూడా రాదు. ఈ రెండు మాటలకు మధ్య ఏముందో మీకు చెప్పడం తేలిక, ఎందుకంటే మీరు రోజూ చేసేది అదే పని.

రైతు మోటరు తెచ్చి 'నడుస్తలేదు' అంటాడు. మీరు వెంటనే వైండింగ్ విప్పరు. ప్యానెల్ డబ్బాలో కెపాసిటర్ చూస్తారు, షాఫ్టు చేత్తో తిప్పి చూస్తారు, సిరీస్ బల్బు పెట్టి తీగ తెగిందా, బాడీకి కరెంటు దిగుతోందా చూస్తారు. కెపాసిటర్‌తో పోయే పనికి రాగితీగ మొత్తం చుట్టరు. లినక్స్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్. కంపెనీల్లో లినక్స్ సర్వర్లు చూసుకునే వాళ్ల ఉద్యోగం కూడా ఇట్లాంటిదే: తప్పు ఎక్కడుందో ఒక్కో మెట్టు తగ్గించుకుంటూ రావడం, చూసింది చూసినట్టు రాసిపెట్టడం. ఈ వయసు పిల్లలు సాధారణంగా చేసేది వేరు. నెట్‌లో దొరికిన ఆదేశాలన్నీ (కమాండ్లు) వరసగా కొట్టేస్తారు, ఏదో ఒకదానితో నడుస్తుంది, ఏదో తెలియదు. మీ భాషలో చెప్పాలంటే మోటరును కర్రతో కొట్టి నడిపించడం.

మీరు రాసిన మూడు రోగాలనే తీసుకుందాం. ఇక్కడి నుంచి మీ అబ్బాయితో కలిసి చదవండి.

టైం సంగతి ముందు. ఎంత తేడా ఉందో చూడాలి. సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు అటో ఇటో ఉంటే అది చెడిపోవడం కాదు. చాలావరకు అదే మిషన్‌లో విండోస్ కూడా ఉండి ఉంటుంది. బోర్డు మీది గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రామాణికమైన) టైం రాస్తుంది, విండోస్ దాన్నే మన దేశం టైం అనుకుంటుంది. మన టైం యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందు కాబట్టి తేడా అంతే వస్తుంది. 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' అనే ఒక్క ఆదేశంతో పోతుంది. విండోస్‌నే యూటీసీకి మార్చడం ఇంకా మంచి పద్ధతి గానీ దానికి రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) చెయ్యి పెట్టాలి.

అట్లా కాకుండా ఏళ్ల కిందటి తేదీ చూపిస్తే బోర్డు మీది బిళ్ల సెల్లు అయిపోయింది. ఎక్కువగా సీఆర్ 2032 ఉంటుంది, 3 వోల్టులది. మల్టీమీటరు మీ షాపులో ఉండనే ఉంది. కొత్త సెల్లు 3 దాటి చూపిస్తుంది, 2.7 కిందికి దిగితే మార్చండి. లాప్‌టాప్‌లలో చాలావాటికి సెల్లుకు రెండు తీగలు, చిన్న కనెక్టరు అతికించి వస్తాయి, అట్లాంటిదే కొనాలి. ఇక్కడ మీ చేతి అలవాటు ఒకటి ఆపుకోండి: సోల్డరింగ్ ఐరన్ నేరుగా సెల్లుకు పెట్టొద్దు, వేడికి పగలొచ్చు.

సెల్లు పోతే తప్పేది టైం ఒక్కటే కాదు. తేదీ వెనక్కి పోయిన మిషన్‌కు వెబ్‌సైట్ల భద్రతా పత్రాలన్నీ ఇంకా అమల్లోకి రానట్టు కనిపిస్తాయి, కాబట్టి సైట్లు తెరుచుకోవు. అప్‌డేట్ కొడితే 'రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్' అంటుంది. అది చూసి పిల్లలు నెట్ చెడిపోయిందనుకుని, బాగున్న వైఫై డ్రైవర్‌ను (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) పీకేస్తారు. పైగా నెట్ దొరికిన రోజు మిషన్ తనంతట తనే టైం సరిచేసుకుంటుంది. అందుకే మీవాడి లాప్‌టాప్‌లో ఈ రోగం ఒకరోజు కనబడి ఒకరోజు మాయమవుతోందేమో. వైఫై, టైం రెండు వేర్వేరు తప్పులా, ఒకటి ఇంకోదాన్ని దాస్తోందా? ఈ ప్రశ్న తనంతట తానుగా వేసుకోగలిగితే కుర్రాడికి ఈ పని పట్టుబడుతున్నట్టే.

ఇక వైఫై. మొదటి ప్రశ్న: కార్డు మిషన్‌కు కనబడుతోందా? 'ఎల్‌ఎస్‌పీసీఐ' అని కొట్టి, ఖాళీ ఇచ్చి, హైఫన్ పక్కన 'ఎన్‌ఎన్‌కే' పెట్టాలి. వచ్చే జాబితాలో నెట్‌వర్క్ కార్డు పేరు చివర చదరపు బ్రాకెట్లో రెండు నాలుగక్షరాల కోడ్‌లు ఉంటాయి. మొదటిది 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. లాప్‌టాప్ కంపెనీ పేరు కంటే ఈ కోడ్‌లు విలువైనవి, ఎందుకంటే ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల కార్డులు వేసి అమ్ముతారు. కిందనే 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే వరస ఉందా చూడండి. లేకపోతే డ్రైవర్ పట్టుకోలేదు. డ్రైవర్ ఉండి కూడా రాకపోతే 'డీమెసేజ్' ఆదేశం చూపించే చిట్టాలో 'ఫర్మ్‌వేర్' (కార్డు లోపలికి ఎక్కే చిన్న సాఫ్ట్‌వేర్) అనే మాట వెతకాలి; అది దొరకలేదన్న ఫిర్యాదు అక్కడ రాసి ఉంటుంది.

అంతకంటే ముందు 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' అని ఒకసారి కొట్టి, వైఫైని ఏదైనా ఆపేసి ఉంచిందా చూడాలి. సాఫ్ట్ బ్లాక్ అంటే ఆదేశంతో తీసేయొచ్చు. హార్డ్ బ్లాక్ అంటే పక్కన ఉన్న స్విచ్చో, కీబోర్డు మీద విమానం గుర్తు మీటో నొక్కాలి. ఎన్ని ఆదేశాలు కొట్టినా లాభం లేదు.

బ్రాడ్‌కామ్ పాత కార్డులకు డ్రైవర్ విడిగా ఎక్కించాలి. వైఫై లేకుండా డౌన్‌లోడ్ ఎట్లా అంటే ఫోన్‌కు యూఎస్‌బీ తీగ పెట్టి టెథరింగ్ (ఫోన్ నెట్‌ను లాప్‌టాప్‌కు ఇవ్వడం) ఆన్ చేస్తే చాలు. ఎక్కించాక కూడా పనిచేయకపోతే సెక్యూర్ బూట్ అనే కాపలా సెట్టింగును అనుమానించాలి. బయటి డ్రైవర్‌కు సంతకం లేకపోతే అది లోపలికి రానివ్వదు. ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలి తెర వచ్చి ఆ పాస్‌వర్డ్ అడుగుతుంది. చాలామంది ఆ తెరను కంగారుగా దాటేస్తారు, తర్వాత డ్రైవర్‌ను తిడతారు.

రియల్‌టెక్‌లో ఆర్‌టీఎల్8723బీఈ అనే కార్డు ఉంటే దాని రోగమే వేరు: రౌటర్ పక్కన కూర్చుంటే వస్తుంది, పక్కగదిలోకి పోతే రాదు. కార్డుకు యాంటెన్నా తగిలించే చోట్లు రెండు, కంపెనీవాడు తగిలించే తీగ ఒకటే, డ్రైవర్ రెండోదాని వైపు చూస్తూ ఉంటుంది. మోడ్‌ప్రోబ్ (డ్రైవర్లను ఎక్కించేది) సెట్టింగులో 'యాంట్ అండర్‌స్కోర్ సెల్' విలువ 1 పెట్టి చూడాలి, కుదరకపోతే 2. ప్రతిసారీ రీస్టార్ట్ చేయాలి.

బిగుసుకుపోవడం మాత్రం మొండిది. ఎంతసేపటికి బిగుసుకుంటోంది, ఏం చేస్తుంటే బిగుసుకుంటోంది అన్నది ముందు రాసుకోవాలి. మళ్లీ ఆన్ చేయగానే 'జర్నల్‌సీటీఎల్ హైఫన్ బి హైఫన్ 1' కొడితే పోయినసారి నడిచినప్పటి చిట్టా వస్తుంది. చివరి వరసల్లో 'ఐ/ఓ ఎర్రర్' ఉంటే డిస్కు వైపు వెళ్లాలి. చిట్టా ఏ ఫిర్యాదూ లేకుండా మధ్యలో తెగిపోతే వేడి, ర్యామ్, కరెంటు, ఈ మూడింటిలో ఒకటని అనుమానం.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో వేడినే ముందు పట్టుకోవాలి. ఎల్‌ఎం-సెన్సర్స్ ఎక్కించి 'సెన్సర్స్' అని కొడితే ప్రాసెసర్ డిగ్రీలు చూపిస్తుంది. మామూలు వీడియోకే 90 దాటితే ఫ్యాను వెనక రేకుల్లో దుమ్ము అట్టకట్టింది. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టాలి. గాలికి అది విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పెసరగింజంత పెడితే చాలు.

ర్యామ్‌ను పరీక్షించడానికి మెమ్‌టెస్ట్86+. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి కనీసం ఒక పాస్ (పరీక్ష ఒక చుట్టు) పూర్తయ్యేదాకా, వీలైతే రాత్రంతా వదిలేయాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా వచ్చినట్టే. రెండు కడ్డీలుంటే ఒక్కొక్కటే పెట్టి, స్లాట్లు మార్చి చూడాలి: ఎర్రర్ కడ్డీ వెంట పోతోందా, స్లాట్ దగ్గరే ఉంటోందా. చాలాసార్లు కాంటాక్టుల మసి తుడిస్తేనే బాగైపోతుంది.

డిస్కుకు 'స్మార్ట్‌సీటీఎల్'. హార్డ్ డిస్కు అయితే అందులో చెడిన చోట్ల లెక్క చెప్పే 5, 197, 198 నంబర్ల వరసల్లో చివరి గడిలోని సంఖ్య చూడాలి. 197 సున్నా కాకపోతే మొదటి పని బాగుచేయడం కాదు, ఫోటోలు, రికార్డులు కాపీ తీసుకోవడం. చచ్చిపోతున్న డిస్కు మీద ఎఫ్‌ఎస్‌సీకే (ఫైళ్ల అమరికను సరిచేసే ఆదేశం) నడిపితే ఉన్నది కూడా పోవచ్చు. 199 పెరుగుతుంటే సాధారణంగా తప్పు డిస్కుది కాదు, కనెక్షన్‌ది. కరెంటు పోయి వచ్చాక నల్లతెర మీద 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అని ఆగిపోతే మాత్రం భయపడక్కర్లేదు. డిస్కు ఆరోగ్యంగా ఉందంటే అక్కడ ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే సాధారణంగా లేస్తుంది.

మొకం తెలియని వాళ్లను అడుగుతాడన్నారు. దాని గురించి మీరు బెంగపెట్టుకోవద్దు, లినక్స్ లోకం నడిచేదే అట్లా. కానీ ఎట్లా అడుగుతున్నాడో ఒకసారి చూడండి. 'వైఫై రావట్లేదు, అర్జెంట్, హెల్ప్' అని రాస్తే ఎవరూ పలకరు, పలికినా పది ఎదురు ప్రశ్నలు వేస్తారు. మిషన్ మోడల్, ఏ లినక్స్ ఏ వెర్షన్, కెర్నల్ (లినక్స్ లోపలి అసలు గుండె) నంబరు, కార్డు కోడ్‌లు, ఎప్పటిదాకా బాగుంది, ఆ తర్వాత ఏం మారింది, ఇప్పటిదాకా ఏమేం చేశాడు, చేస్తే ఏమైంది: ఇవి పది వరసల్లో ఉండాలి. ఎర్రర్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టొద్దు, అక్షరాలుగా కాపీ చేయాలి; అవతలివాళ్లు అదే ముక్కను వెతికి చూస్తారు. ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు, చిన్న వాక్యాలు చాలు. పెట్టే ముందు పాస్‌వర్డులు, ఇంటి వైఫై పేరు, మ్యాక్ అడ్రసు (కార్డు గుర్తింపు నంబరు) తీసేయాలి. ఎవరైనా 'సుడో'తో (పూర్తి అధికారంతో నడిపేది) మొదలయ్యే ఆదేశం ఇస్తే అది ఏం చేస్తుందో మాన్యువల్ పేజీలో చదివాకే కొట్టాలి, ముఖ్యంగా డిస్కుల మీదికి నేరుగా రాసే 'డీడీ' ఉంటే. అందులో డిస్కు పేరు ఒక్క అక్షరం తప్పితే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. బాగయ్యాక తిరిగి వెళ్లి దేంతో బాగైందో రాయాలి. ఈ ఆఖరిది చాలామంది ఎగ్గొడతారు. ఉద్యోగంలో మాత్రం టికెట్ (ఫిర్యాదు నమోదు) మూసేటప్పుడు రాయాల్సింది సరిగ్గా అదే.

అందుకే 200 పేజీల నోట్‌బుక్ ఒకటి కొనివ్వండి. తేదీ, లక్షణం, అనుమానం, పరీక్ష, ఫలితం. ఒకసారికి ఒకే మార్పు. తప్పిన అనుమానాలు కూడా ఉండాలి, కొట్టేయొద్దు. డిగ్రీ అయ్యేసరికి పాతిక ముప్పై కేసులు జమైతే, ఇంటర్వ్యూలో 'నువ్వు పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పు' అన్నప్పుడు వాడు తడుముకోడు.

వారానికోసారి ఖరాబు కావడానికి ఇంకో కారణం ఉండొచ్చు: చదువుకునే మిషన్ మీదే ప్రయోగాలు చేయడం. ఎక్కించుకున్నది ఉబుంటు రకం లినక్స్ అయితే ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతుండే) వెర్షన్ మీద ఉండమనండి. రెండేళ్లకొకటి వస్తుంది, అయిదేళ్లు అప్‌డేట్లు ఉంటాయి. చెడితే వెనక్కి పోవడానికి టైమ్‌షిఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో స్నాప్‌షాట్ (మిషన్ బాగున్నప్పటి నకలు) పెట్టుకోవాలి. ప్రయోగాలకు వర్చువల్ మిషన్లున్నాయి (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్), 8 జీబీ ర్యామ్ ఉంటే రెండు చిన్నవి హాయిగా నడుస్తాయి. లేదంటే ఒక తుక్కు డెస్క్‌టాప్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది, విండోస్ 11 ఎక్కని పాత మిషన్లు చాలా ఉన్నాయి, అడిగితే చవగ్గా దొరకొచ్చు. పాత లాప్‌టాప్ అయితే ఉబ్బిన బ్యాటరీ ఉన్నది మాత్రం ఇంట్లోకి తేనివ్వకండి.

ఉద్యోగాల సంగతి. డెస్క్‌టాప్ సపోర్ట్, ఎల్1 (మొదటి అంచె) సపోర్ట్, నెట్‌వర్క్ మానిటరింగ్, డేటా సెంటర్ టెక్నీషియన్: మొదటి మెట్టు ఈ పేర్లతో ఉంటుంది. డేటా సెంటర్‌లో ర్యామ్ కడ్డీలు, డిస్కులు, కేబుళ్లు మార్చడమే పని, మీవాడి చేతికి అది అలవాటే. హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ రీజియన్ (నెట్ ద్వారా అద్దెకిచ్చే సర్వర్ల కేంద్రాలు) 2022 నవంబర్‌లోనే మొదలైంది. రాత్రి షిఫ్టులు ఉంటాయి, మొదట్లో జీతం ఊరించేట్టు ఉండదు. రెండు మూడేళ్లకు సిస్టమ్ అడ్మిన్, అక్కడి నుంచి క్లౌడ్. డిగ్రీ లేకుంటే చాలాచోట్ల దరఖాస్తు దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి బ్యాక్‌లాగ్‌లు ఉంటే వాటి తర్వాతే ఇదంతా.

సొంత లాప్‌టాప్ నేర్పనివి కూడా ఉన్నాయి: ఐపీ అడ్రసులు, డీఎన్‌ఎస్, ఎస్‌ఎస్‌హెచ్, యూజర్లు, అనుమతులు, ఎల్‌వీఎం, సిస్టమ్‌డీ, షెల్ స్క్రిప్టులు. వీటికోసం ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్ హ్యాట్ కంపెనీ లినక్స్ సర్టిఫికెట్ పరీక్ష) సిలబస్ పెట్టుకోవడం మంచిది. ఆ పరీక్షలో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు, నడుస్తున్న మిషన్ మీద పనులు చేసి చూపించాలి. 300కు 210 వస్తే పాస్. సాధనకు రెడ్ హ్యాట్ లినక్స్‌లాగే ఉండే రాకీ లినక్స్, అల్మా లినక్స్ ఉచితం. పరీక్ష ఫీజు మూడో సంవత్సరం రెండో సగందాకా కట్టొద్దు, సర్టిఫికెట్ చెల్లుబాటు మూడేళ్లే.

అమీర్‌పేట ఇప్పుడొద్దు. డిగ్రీ అయ్యాక, ఆ సిలబస్‌లో సొంతంగా ఎక్కడ ఆగిపోయాడో తెలిశాక, ఆ భాగానికి మాత్రమే. చేరే ముందు రెండు డెమో క్లాసులు కూర్చోమనండి. విద్యార్థికి సొంత మిషన్ ఇచ్చి, దాన్ని కావాలని చెడగొట్టి బాగుచేయమనే చోటైతే డబ్బు కట్టండి. 'జాబ్ గ్యారంటీ' అని ముందే మొత్తం ఫీజు అడిగే చోట అటెండర్‌తో టీ తాగి వచ్చేయండి.