ఒహ్తానీ జీతం 20 లక్షల డాలర్లేనా?

బేస్‌బాల్ ఆటగాడు షోహెయ్ ఒహ్తానీ కాంట్రాక్ట్ 70 కోట్ల డాలర్లయితే జీతం ఏడాదికి 20 లక్షలేనేంటి, అతని జట్టు డాడ్జర్స్ జీతాల మొత్తం లెక్క తేలట్లేదని అడిగారు కదా. రెండు అంకెలూ నిజమేనండీ. 2024 నుంచి 2033 దాకా ఏటా చేతికిచ్చేది 20 లక్షలే. మిగతా 68 కోట్లు 2034–2043 మధ్య, వడ్డీ లేకుండా ఇస్తారు.

అలాగని లగ్జరీ ట్యాక్స్ (జీతాల మొత్తం పరిమితి దాటితే జట్టు లీగ్‌కు కట్టే పన్ను) ఎగ్గొట్టారనుకోవద్దు. తర్వాత ఇచ్చే డబ్బుకు ఇప్పటి విలువ కట్టి, ఏడాదికి సుమారు 4.6 కోట్లు లెక్కలో వేస్తారు. ట్యాక్స్ కోసమైతే మీరూ ఆ అంకే వేసుకోండి.

వడ్డీ విషయంలో మాజీ ఆటగాడు బాబీ బోనీయా మహా గట్టివాడు. ఇలాగే తర్వాత ఇచ్చే డబ్బుకు 8 శాతం రాయించుకున్నాడు. ఆట ఆపేసింది 2001లో, పాత జట్టు మెట్స్ మాత్రం 2035 దాకా ఏటా జులై 1న దాదాపు 12 లక్షల డాలర్లు ఇస్తూనే ఉండాలి!